గంతులేసే బండి

పిల్లలూ! ఒక పికప్ బండి రోడ్డు మీద హాయిగా పరుగెత్తుతుంది. సందులో మెల్లగా నడిపితే మాత్రం మొండి గుర్రంలాగా గంతులేస్తుంది. ఎదట మనిషి వుంటే ఎంత ప్రమాదం! అయినా వెంటనే ఇంజను విప్పరాదు.

యాక్సిలరేటరు తొక్కితే ఒక తలుపు తెరుచుకుని ఇంజనులోకి గాలి పోతుంది. తలుపు ఎంత తెరుచుకున్నదీ కంప్యూటరుకు చెప్పేది ఒక సెన్సారు. దానిలో కర్బనపు పట్టీ మీద లోహపు వేలు జరుగుతుంది. తలుపు మూసివుంటే సుమారు 0.5 వోల్టు, పూర్తిగా తెరిస్తే 4.5. వేలు ఎక్కువగా మసిలేది మొదటి భాగంలోనే గనక పట్టీ అక్కడే అరుగుతుంది (గడప కూడా కాలు పడేచోటే అరుగుతుంది గదా!). అక్కడ వోల్టేజి తటాలున పడి లేస్తుంది. పాపం, కంప్యూటరు అది నమ్మి పెట్రోలు తగ్గిస్తుంది, పెంచుతుంది!

తలుపు మెల్లగా తెరుస్తూ వోల్టుమీటరు చూస్తే ముల్లు అక్కడే వణుకుతుంది. మరలు విప్పి కొత్త సెన్సారు బిగించాక, ముల్లు తడబడకుండా పైకి పోతుంది.