బరువు చూచి బండి కొనుడు

ఎద్దుబండి అరుదైనది, ట్రాక్టరు తొట్టి సామాన్యమైనది, ఇప్పుడు మన పల్లెలలో పికప్ బండి వంతు వచ్చినది. 2023 ఏప్రిలులో మహీంద్రా వారు వెలువరించిన బొలెరో మాక్స్ పికప్ బండ్లలో రెండు టన్నుల బరువు మోయు హెచ్.డి. రకము కలదు. దాని తొట్టి పొడవు ఇంచుమించు పది అడుగులు. కూరగాయలను తెల్లవారకమునుపే రైతుబజారునకు చేర్చవలసిన వారికి ఇట్టి బండి మిక్కిలి అక్కరకు వచ్చును. ట్రాక్టరు దున్నుటకు పుట్టినది గాని రోడ్డుమీద పరుగెత్తుటకు గాదు. కావున మేము ఈ బండికి విరోధులము కాము. దీనిని ఎవరు కొనవలయును, ఏ పనికి వాడవలయును అనునదే మా విచారణ.

పొలము పనికిని, ఇంటిల్లిపాది తిరుగుటకును ఒక్క బండియే చాలునని పలువురు తలంచుచున్నారు. తిరుపతి జిల్లా శ్రీసిటీలో 2016లో ప్రారంభమైన ఇసుజు కర్మాగారమున తయారగు డి-మాక్స్ వి-క్రాస్ అట్టిది. అందు ఐదుగురు సుఖముగా కూర్చుండవచ్చును. కాని దాని వెనుక తొట్టి, పైన చెప్పిన హెచ్.డి. బండి తొట్టిలో ఇంచుమించు సగమే. మనుష్యులకు చోటు పెంచినకొలది సరుకునకు చోటు తగ్గును. ఉద్యోగియైన కుమారుడుండి, పండ్లతోటయు గల సంపన్నునకు అది తగియుండవచ్చును. వడ్లు పండించు చిన్నరైతునకు తగదు.

ఇక సరుకు బండినే మనుష్యులకు వాడుట మరింత కీడు. మిరపకోతలకు, నాట్లకు కూలీలను తొట్టిలో నిలువబెట్టి తీసికొనిపోవుట మనము దినదినము చూచుచున్నాము. సరుకు బండిలో ఊరక ఎక్కించుకొన్నవారి నిమిత్తము ఇన్సూరెన్సు కంపెనీ బాధ్యత వహింపనక్కరలేదని సుప్రీంకోర్టు 2002లోనే తీర్పు చెప్పినది. బండి తలక్రిందులైనచో కూలివాని కుటుంబము దిక్కులేనిదగును. ఆ నష్టపరిహారము బండి యజమాని పొలముమీదికి వచ్చును. ఒక్క ఆటో కిరాయి మిగుల్చుకొనుటకై ఇట్టి అపాయమును నెత్తిన పెట్టుకొనుట వివేకమా?

ఇప్పుడు లెక్క చూతము. ఐదెకరముల మాగాణి గల రైతునకు ఎకరమునకు 30 బస్తాలు పండెననుకొనుడు. మొత్తము 150 బస్తాలు. బస్తా 75 కిలోల చొప్పున ఈ బండి ఒక తడవకు 26 బస్తాలు మోయును. అనగా ఆరు తడవలతో ఆ పంట యంతయు మిల్లునకు చేరును. ఎరువులకు, విత్తనములకు మరి రెండు తడవలు వేసికొనుడు. పంటకు ఎనిమిది తడవలు! తక్కిన దినములలో బండి చావడి ముందు నిలిచియుండును. బాకీ వాయిదా మాత్రము నిలువదు. ఇన్సూరెన్సు, ఫిట్‌నెస్ పరీక్ష, టైర్లు, పన్ను ఇవియు నిలువవు. రెండు టన్నులు మోయు బండి స్వంత బరువుతో కలిసి 3,000 కిలోలు దాటును గనుక పర్మిటును కావలయును. బండి తిరుగకున్న ఖర్చు తప్పదని, ఎక్కువ సరుకు ఎక్కించి తడవలు తగ్గింపజూచినచో, 2019 సవరణ ననుసరించి జుల్మానా 20,000 రూపాయలు, ఆపైన అధికమైన ప్రతి టన్నునకు 2,000 రూపాయలు.

అదే బండిని సంఘము కొన్నచో? నలువదిమంది సభ్యులకు పంటకు ఎనిమిదేసి తడవలైన 320 తడవలగును. అప్పుడు బండికి పని, డ్రైవరునకు జీతము, సంఘమునకు ఆదాయము. 2023లో వెలువడిన ప్రాథమిక సంఘముల నమూనా ఉపనిబంధనలు, పనిముట్లను అద్దెకిచ్చు కేంద్రములతో సహా 25కు పైగా వ్యాపారములకు అవకాశమిచ్చినవి. కారు లైసెన్సు గలవారు 7,500 కిలోల లోపు సరుకు బండి నడుపవచ్చునని 2024 నవంబరులో సుప్రీంకోర్టు తేల్చినది గనుక డ్రైవరునకై పట్టణమునకు పోనక్కరలేదు. మన యూరి యువకుడే చాలును.

కోతల వారములో అందరికిని ఒకేసారి బండి కావలసివచ్చునే యని కొందరందురు. నిజమే. ఉమ్మడి బండి పెద్దల ఇంటి బండిగా మారునను భయమును నిరాధారము కాదు. ఇందులకు మందు వంతుల పుస్తకమే. పేరు వ్రాయించిన వరుసనే బండి పోవలయును; అధ్యక్షుని వడ్లకైనను వరుస తప్పరాదు. ప్రతి తడవ దూరము, బరువు, కిరాయి అందరు చూచునట్లు సంఘము గోడపై నెలనెల అంటింపవలయును. కూరగాయలు, పూలు, పాలు దినదినము పంపువారు స్వంత బండి కొన్నను తప్పులేదు. వారికి బరువు నిత్యము గలదు.

రైతు సోదరులారా! పొరుగువాడు కొన్నాడని బండి కొనకుడు. ముందు ఒక యేడాది మీ సరుకు ఎన్ని తడవలైనదో కాగితముమీద వ్రాసికొనుడు. ఆ కాగితములతో రాబోవు సర్వసభ్య సమావేశమునకు రండు. అన్నియు కూడగా ఒక బండికి చాలిన పని తేలినచో తీర్మానము చేయుడు. తేలకున్న కిరాయి బండియే మేలని నిశ్చింతగా ఉండుడు. ఏ తీర్మానమైనను అందు ఒక్క షరతు మాత్రము తప్పక చేర్పుడు: తొట్టిలో సరుకు తప్ప మనుష్యులు ఎక్కరాదు.