ఆటలోని కావలివాడు

దిల్‌సుఖ్‌నగరమున కంప్యూటరు విద్య నేర్చుచున్న మన పూర్వవిద్యార్థి యొకడు తాను కల్పించిన యాటను నాకు జూపెను. అందలి కావలివాడు దొంగ కనబడిన తరుమును, కనుమరుగైన మరల గస్తీ తిరుగును. దొంగ స్తంభము చాటున దోబూచులాడగా, పాపము, కావలివాడు నిలుచున్నచోటనే యూగిసలాడెను!

ఇట్టి పాత్రలను నడపు పద్ధతికి ప్రవర్తనావృక్షమని పేరు. 2004లో వెలువడిన హేలో 2 ఆటతో ప్రసిద్ధి కెక్కినది. అందు ముందుకొమ్మ మేల్కొన్నచో వెనుకకొమ్మ పని యాగిపోవును. శిష్యుడు కొమ్మల వరుసనే మార్చబోయెను. వరుసయందు దోషము లేదు. పనిని ఆపుటకొక హద్దు, మరల మొదలిడుటకు వేరొక హద్దు ఉండవలెనని నా యభిప్రాయము. ఎల్.బి. నగరు కూడలిలో ఆంబులెన్సుకు దారి యిచ్చిన పోలీసు, అది దాటిపోవువరకు చేయి దింపడు గదా! దొంగ మరుగైనను కావలివాడు రెండు సెకండ్లపాటు తరుమవలెను. ఆగిన పనియు తాను మొదలిడినదానిని ముగించియే తొలగవలెను. ఈ సంగతిని మాత్రము మావాడింకను ఒప్పుకొనలేదు. వాని కావలివాడు దొంగవెంట పరుగెత్తుచు కూడ గస్తీ యీలయే వేయుచున్నాడు.