ఖిద్మత్ చేసిన చేతుల హక్ ఎక్కడ?

మన ఘరానాల్లో పెద్దవాళ్ల ఇంతెఖాల్ అయ్యాక ఒక మాట తప్పకుండా వినబడుతుంది: "కొడుకులు అమ్మీకి బాగా ఖిద్మత్ చేశారు, జన్నత్ కమాయించుకున్నారు." ఏ కొడుకు చేశాడు జనాబ్? ఒకాయన బెంగళూరులో, ఇంకొకాయన రియాద్‌లో. మంచం పక్కన చాప వేసుకుని పడుకున్నది నెలజీతానికి వచ్చిన ఆడమనిషి. "మనిషిని పెట్టుకున్నాం" అంటాం. ఆ మనిషి పేరు మాత్రం ఏ దువాలోనూ రాదు.

ఈ మధ్య కల్లూరులో అలాంటి ఒకావిడతో మాట్లాడాను. పేరు రాయను, రేపు ఆమెకు ఇంకో ఇంట్లో పని దొరకాలి. దూదేకుల మనిషి, యాభై దాటాయి. ఫాలిజ్ కొట్టి మంచాన పడిన ఒక దాదీమాను మూడేళ్లు చూసుకుంది.

"ఆయమ్మకు తెలుగు తక్కువ, నాకు ఉర్దూ రాదు. మొదట్లో అంతా సైగలే నాయనా. తర్వాత తర్వాత ఆమె పానీ అనకముందే నాకు తెలిసిపోయేది. రాత్రిపూట రెండు గంటలకోసారి పక్కకు తిప్పల్ల, లేకుంటే వీపుకు పుండు పడ్తాది. మూడేళ్లలో ఒక్క పుండు పడనీలేదు."

ఆ చివరి మాటలో ఎంత ఫఖర్ ఉందో! మంచానపడ్డవాళ్లను చూసుకున్న ఎవరినైనా అడగండి, దాని విలువ చెబుతారు.

దాదీమా పోయింది నెలలో పన్నెండో తారీకున. పన్నెండు రోజుల జీతం లెక్కగట్టి చేతిలో పెట్టారు. ఘుస్ల్‌కు దగ్గరి చుట్టాలు లోపలికి వెళ్లారు. మూడేళ్లు ఆ ఒళ్లు కడిగిన ఆమెను "నువ్వు నీళ్లు కాచు" అన్నారు. జియారత్ రోజున ఆమె దేగ్‌లు తోముతూ ఉంది. "ఏడ్చేదానికి కూడా జాగా లేకపోయింది నాయనా" అంది.

దూదేకుల ముసల్మాన్ ఔరత్ ఇంకో ముసల్మాన్ ఔరత్‌కు ఘుస్ల్ ఇవ్వకూడదని ఏ ఫిఖ్‌లో ఉంది? ఉర్దూ మాట్లాడితేనే పక్కా ముసల్మాన్ అనే గురూర్ ఇది. ఉర్దూ మీడియంలో చదివిన నేనే చెబుతున్నా. అమీనా బీబీ వఫాత్ తర్వాత పసివాడైన ప్రవక్త (స)ను చూసుకున్నది ఉమ్మె ఐమన్, ఒక హబ్షీ ఔరత్. ఆయన జీవితాంతం ఆమెకు తల్లి దర్జా ఇచ్చారు. సీరత్ జల్సాల్లో ఈ వాకియా విని "సుబ్‌హానల్లాహ్" అని, ఇంటికొచ్చి ఆయాకు వేరే గ్లాసులో చాయ్ ఇస్తాం!

"జీతం ఇస్తున్నాం కదా, ఇంకేం హక్?" అంటారు. కడప, రాయచోటి, రాజంపేట వైపు నుంచి ఎందరో ఆడవాళ్లు ఖద్దామాలుగా కువైట్ వెళ్తారు. అక్కడ వాళ్లపై జుల్మ్ జరిగితే మనకు గుస్సా వస్తుంది, రావాల్సిందే. కానీ అదే కువైట్ 2015లో ఇంటిపనివాళ్ల కోసం 68వ నంబరు చట్టం చేసింది. రోజుకు 12 గంటలకు మించి పని వద్దంది, వారానికి ఒక రోజు సెలవు ఇమ్మంది, పని మానేటప్పుడు ఏడాదికి ఒక నెల జీతం చొప్పున కట్టమంది. అమలు ఎంతన్నది వేరే సంగతి, కాగితం మీదైతే ఉంది. ఆ లెక్కన మన కల్లూరు ఆయాకు మూడు నెలల జీతం అదనంగా రావాలి. వచ్చింది పన్నెండు రోజులది.

మన హుకూమత్ సంగతి? కన్నవాళ్లను వదిలేస్తే మూడు నెలల జైలు లేదా 5,000 రూపాయల జుర్మానా అని 2007 చట్టం చెబుతుంది. వాళ్లను రాత్రీ పగలూ మోసిన చేతుల గురించి అందులో ఏమీ లేదు. ఇంటిపనివాళ్ల హక్కుల మీద అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో తెచ్చిన 189వ ఒప్పందాన్ని భారత్ ఇంకా ఆమోదించలేదు.

చట్టం వచ్చేదాకా ఆగాలా? షరియత్ మన ఇంట్లోనే ఉంది. మయ్యత్ వదిలిన ఆస్తిలోంచి ముందు కఫన్ దఫన్ ఖర్చు, తర్వాత ఖర్జ్, ఆ తర్వాత వసియ్యత్, వారసుల వంతు చివర. ఆయాకు ఇవ్వాల్సిన బకాయి ఖర్జే. వసియ్యత్ మూడో వంతు వరకు వారసులు కానివాళ్లకు రాయొచ్చు, ఆయా వారసురాలు కాదు. హోష్‌లో ఉన్నప్పుడే పెద్దవాళ్లు ఆమె పేర కొంత రాసిపెట్టొచ్చు. కొడుకులు అడ్డం పడకుంటే చాలు.

మజూరు చెమట గురించిన హదీస్ మనందరికీ నోటికొచ్చు. అమ్మీ జేవర్ పంచుకోవడానికి కూర్చునే ముందు దాన్నొకసారి యాద్ చేసుకోండి. వారానికొక రోజు ఛుట్టీ, ఏడాదికొక నెల జీతం, ఘుస్ల్ దగ్గర చోటు, ఫాతెహాలో పేరు. ఇవి ఇచ్చి ఖైరాత్ చేశామని మాత్రం చెప్పుకోకండి.