అమెరికాలో లివింగ్ ట్రస్ట్ రాశారా..? యాన్యుటీని అందులో కలిపే ముందు ఈ ట్యాక్స్ లెక్క చూసుకోండి

అమెరికాలో ఉద్యోగాలు చేసి రిటైర్మెంట్‌కు దగ్గరపడిన తెలుగు కుటుంబాల్లో ఇప్పుడు లివింగ్ ట్రస్ట్ మాట తరచూ వినిపిస్తోంది. ఇల్లు, బ్యాంకు ఖాతాలు, షేర్లు ట్రస్ట్ పేరు మీదకు మార్చేస్తే, తర్వాత పిల్లలు ప్రొబేట్ కోర్టు చుట్టూ తిరగక్కర్లేదు. కాలిఫోర్నియాలో ఇది చిన్న విషయమేం కాదు. అక్కడ 10 లక్షల డాలర్ల ఆస్తి ప్రొబేట్‌కు వెళ్తే చట్టం ప్రకారం లాయర్ ఫీజే 23 వేల డాలర్ల వరకు ఉంటుంది. ఇంటి మీద లోన్ ఉన్నా దాన్ని తీసేయరు, మొత్తం విలువ మీదే లెక్క.

చిక్కల్లా అదే ఊపులో యాన్యుటీని కూడా ట్రస్ట్‌లో కలిపేయడంతోనే. నిజానికి యాన్యుటీకి ప్రొబేట్ బెడదే లేదు. బెనిఫిషియరీగా ఎవరి పేరు రాస్తే డబ్బు నేరుగా వాళ్లకే వెళ్తుంది.

ఎప్పుడైనా రద్దు చేసుకునే వీలున్న ట్రస్ట్‌కు ఓనర్‌షిప్ మారిస్తే సాధారణంగా ఇబ్బంది లేదు. ఐఆర్ఎస్ దృష్టిలో ట్రస్ట్, ఆ మనిషి ఒకటే. లాభంపై పన్ను వాయిదా కొనసాగుతుంది. అలాగని పైసా ట్యాక్స్ కూడా తగ్గదు, ఈ సంగతి ట్రస్ట్ అమ్మేవాళ్లు పెద్దగా చెప్పరు. ఐఆర్ఏలో ఉన్న యాన్యుటీ కథ వేరు. దాన్ని ట్రస్ట్ పేరుకు మారిస్తే డబ్బు మొత్తం తీసేసుకున్నట్టే లెక్కేస్తారు. పన్నంతా ఆ ఏడాదే కట్టాలి. వయసు 59న్నర దాటకపోతే అదనంగా 10 శాతం పెనాల్టీ.

అసలు దెబ్బ మాత్రం ట్రస్ట్‌ను బెనిఫిషియరీగా రాసినప్పుడు పడుతుంది. ఐఆర్ఏ బయట కొన్న యాన్యుటీనే తీసుకుంటే, భర్త పోతే భార్య దాన్ని తన పేరు మీదే కొనసాగించుకోవచ్చు. పిల్లలైతే ఏడాదిలోగా మొదలుపెట్టి జీవితకాలం కొద్దికొద్దిగా తీసుకోవచ్చు. అదే ట్రస్ట్‌కు వెళ్తే సాధారణంగా ఐదేళ్లలో మొత్తం తీసేయాల్సిందే.

పైగా ట్రస్టులకు శ్లాబులు మరీ ఇరుకు. 2025లో ఒంటరి వ్యక్తికి 37 శాతం రేటు 6,26,350 డాలర్లు దాటాక మొదలైతే, ట్రస్ట్‌కు 15,650 డాలర్లు దాటగానే పడుతుంది. ఉదాహరణకు లక్ష డాలర్ల యాన్యుటీ 1.8 లక్షలైందనుకుందాం. ఆ 80 వేల లాభం ఒకే ఏడాది ట్రస్ట్‌లోకి వచ్చి అక్కడే ఉండిపోతే ఫెడరల్ ఇన్‌కమ్ ట్యాక్సే 27 వేల డాలర్లు దాటుతుంది. వారసులకు అదే ఏడాది పంచేస్తే సాధారణంగా వాళ్ల శ్లాబు ప్రకారమే కట్టొచ్చు. ఇంకోటి, ఇల్లు, షేర్ల విలువను యజమాని పోయిన రోజు ధరకు పెంచి లెక్కిస్తారు కాబట్టి పాత లాభంపై పన్ను పోతుంది. యాన్యుటీకి ఆ వెసులుబాటు లేదు, ట్రస్ట్‌లో పెట్టినా రాదు.

లివింగ్ ట్రస్ట్ పేరు చెప్పి పెద్దవాళ్లకు యాన్యుటీలు అంటగట్టే వాళ్లపై కాలిఫోర్నియా అటార్నీ జనరల్ ఆఫీసు ఇప్పటికే జాగ్రత్తలు చెప్పింది. ఉన్న యాన్యుటీని రద్దు చేయించి కొత్తది కొనిపిస్తే సరెండర్ చార్జీలు అదనపు భారం.

మైనర్ పిల్లలున్నా, వైకల్యం ఉన్న బిడ్డను జీవితాంతం చూసుకోవాల్సి వచ్చినా పన్ను కాస్త ఎక్కువైనా ట్రస్ట్ పేరు రాయడమే సబబు. అయితే ట్రస్ట్ పత్రంలో ఏం రాసుకున్నా ఇన్సూరెన్స్ కంపెనీ చూసేది తన దగ్గరున్న బెనిఫిషియరీ ఫారాన్నే. పెళ్లికి ముందు రాసిన పేరు అందులో అలాగే ఉంటే డబ్బు ఆ పేరుకే వెళ్లే అవకాశం ఉంది.