తెల్ల తీగ, ఆకుపచ్చ తీగ

జగదల్‌పూర్ నుంచి గీదం వెళ్లే రోడ్డు మీద ఉన్న ఓ ప్రభుత్వ పాఠశాల వాళ్లు పోయిన వానాకాలం నన్ను పిలిచారు. సైన్సు గదిలో పిల్లలు ప్రోగ్రాం రాసి నడిపే ఈఎస్‌పీ32 బోర్డులు పన్నెండున్నాయి. ఏడింటికి “ఖరాబ్” అని చీటీలు అంటించేశారు. స్టాకు రిజిస్టర్లోనూ అదే మాట ఎక్కింది. కాలిపోయాయట. ఒక్కోదాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని చూశాను. కాలిన బోర్డుకి ఓ కంపు ఉంటుంది. ముప్పై ఏళ్లు బైలదిలా గనుల్లో ఇన్‌స్ట్రుమెంట్ మెకానిక్‌గా చేసినవాడికి ఆ కంపు మర్చిపోదామన్నా పోదు. ఏడింటిలో ఒక్కదానికే ఉంది.

“లైటు వస్తోంది దాదాజీ, పోర్టు రావట్లేదు” అంది తొమ్మిదో తరగతి పిల్ల, హిందీలో. సగం రోగం ఆ పిల్లే చెప్పేసింది. బోర్డుకి కరెంటు అందుతోంది, మాట అందడం లేదు. ఆ పిల్ల చేతిలోని కేబుల్ తీసుకుని బ్లేడుతో పైతోలు చీల్చి చూపించాను. లోపల ఎర్ర తీగ, నల్ల తీగ. అంతే. యూఎస్‌బీ 2.0 కేబుల్‌లో మామూలుగా నాలుగుండాలి. ఎరుపు, నలుపు అయిదు వోల్టుల కరెంటుకి, తెలుపు, ఆకుపచ్చ మాటకి. చార్జింగ్‌కని చవగ్గా అమ్మే వైర్లలో కొన్నిటికి ఆ రెండో జత వెయ్యనే వెయ్యరు. పైకి చూస్తే తేడా తెలీదు.

మరి బోర్డులతో పాటు పెట్టెలో వచ్చిన మంచి కేబుళ్లు ఏమయ్యాయి? నేనడగలేదు. స్టాఫ్ రూములో ఫోన్లకి తగిలించి ఉన్నవి కనిపిస్తూనే ఉన్నాయి. పోయిన వాటి బదులు ఎవరో సంతలో వైర్లు కొనుక్కొచ్చి పెట్టారు. మాష్టార్లని తప్పుపట్టను. మా ఇంట్లోనూ జరిగేది ఇదే.

కేబుల్ మారిస్తే మూడు బోర్డులు లేచాయి. మిగతా మూడింటి కథ వేరు.

మా నాన్న విజయనగరం నుంచి కిరండూల్ వచ్చాడు. ఇక్కడి ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకీ అక్కణ్ణించి జపాన్‌కీ పంపడానికి రైలు లైను వేసిన రోజులవి. ఇంట్లో తెలుగు, బళ్లో హిందీ, సంతలో హల్బీ. గోండీ మాట్లాడే ముసలమ్మకీ తెలుగు షావుకారుకీ మధ్య హల్బీ తెలిసిన ఓ కుర్రాడు కూచుంటేనే బేరం తెగేది. ఈ బోర్డుల మీదా అలాంటి దుబాసీ ఒకడున్నాడు. లోపలి మైక్రోకంట్రోలర్‌కి వచ్చింది పాతకాలపు సీరియల్ భాష. కంప్యూటర్‌కి అర్థమయ్యేది యూఎస్‌బీ. మధ్యలో సీహెచ్340 అనో సీపీ2102 అనో ఓ చిన్న చిప్పు కూచుని అటుదిటూ ఇటుదటూ చెబుతుంది. ఆ దుబాసీని కంప్యూటర్ గుర్తుపట్టాలంటే డ్రైవర్ ఉండాలి.

పేచీ ఇక్కడే. హైదరాబాద్‌లో బోర్డు గుచ్చగానే విండోస్ ఇంటర్నెట్ నుంచి ఆ డ్రైవర్‌ని తనే తెచ్చుకుంటుంది. పిల్లాడికి అలాంటిదొకటి ఉందని కూడా తెలియక్కర్లేదు. ఈ బడిలో కిటికీ పక్కన నిలబడితే ఒక గీత సిగ్నల్, వాన పడితే అదీ లేదు. ఈ మూడింటికీ డ్రైవర్ రాలేదు. డివైస్ మేనేజర్ తెరిస్తే పసుపు రంగు ఆశ్చర్యార్థకం వెక్కిరిస్తోంది. బోర్డుల తయారీదారు కంప్యూటర్ వెనకాల నెట్ ఉంటుందనే లెక్కతో అమ్మాడు. కొన్నవాడు ఆ లెక్క సరిచూసుకోలేదు. చీటీ మాత్రం బోర్డుకి అంటించారు.

పెన్‌డ్రైవ్‌లో డ్రైవర్ పట్టుకెళ్లాను గనక బతికిపోయాను అనుకున్నాను. ఇన్‌స్టాల్ అనగానే అడ్మిన్ పాస్‌వర్డ్ అడిగింది. అది కంప్యూటర్లు సరఫరా చేసినవాళ్ల మనిషి దగ్గరుందట, ఆయనేమో రాయ్‌పూర్లో. రెండు రోజులు ఫోన్లు చేస్తే మూడో రోజు దొరికింది. డ్రైవర్ పడ్డాక కూడా ఒక బోర్డు “కనెక్టింగ్” అని చుక్కలు పెట్టుకుంటూ కూచుంది. దానిమీదున్న బూట్ బటన్ నొక్కి పట్టుకోమన్నాను. పిల్ల నొక్కింది, ప్రోగ్రాం ఎక్కింది, నీలం దీపం మిణుకుమంది.

యూఎస్‌బీ రాకముందు మా ప్లాంటులో యంత్రాలని నడిపే పీఎల్‌సీకి కంప్యూటర్ కలపాలంటే తొమ్మిది పిన్నుల కేబుల్‌లో రెండో తీగనీ మూడో తీగనీ తారుమారు చేసి టంకం వేసుకునేవాళ్లం. తప్పు ఎక్కడుందో చేతికి తెలిసేది. 1996లో యూఎస్‌బీ వచ్చి ఆ కష్టం తీర్చింది. దాన్ని రూపొందించిన ఇంటెల్ బృందానికి ముందున్న అజయ్ భట్ వడోదరలో చదువుకున్నవాడే. కాదనను, గొప్ప పని. కాకపోతే కష్టంతో పాటు తప్పు కూడా కంటికి కనపడకుండా పోయింది. 2014లో ఇలాంటి దుబాసీ చిప్పులే చేసే ఎఫ్‌టీడీఐ అనే కంపెనీ తన చిప్పులకి నకళ్లు తయారవుతున్నాయని, విండోస్ అప్‌డేట్ ద్వారా వచ్చిన డ్రైవర్‌తో ఆ నకిలీ చిప్పుల గుర్తింపు సంఖ్యని సున్నా చేసేసింది. నిన్నటిదాకా పనిచేసిన బోర్డులు తెల్లారేసరికి మూగబోయాయి. ప్రపంచమంతా గోల చేస్తే ఆ డ్రైవర్‌ని వెనక్కి తీసుకున్నారు. అసలుదో నకలో తెలియక కొన్నవాడు ఆ రోజు ఎవర్ని తిట్టుకోవాలి?

2025 కేంద్ర బడ్జెట్‌లో అయిదేళ్లలో ప్రభుత్వ పాఠశాలలకి, పిల్లలు ఇలాంటి బోర్డులతో ప్రయోగాలు చేసే అటల్ టింకరింగ్ ల్యాబ్‌లు 50,000 ఇస్తామన్నారు. 2016లో మొదలైన ఈ పథకంలో ఒక్కో ల్యాబ్‌కి 20 లక్షల రూపాయల దాకా ఇస్తూ వచ్చారు. మంచిదే. నేనడిగేది ఆ లక్షల్లో వందల రూపాయల పని. డేటా కేబుల్ అని కొనుగోలు కాగితంలో విడిగా రాయండి, బోర్డుకి రెండేసి చొప్పున. డ్రైవర్లు వేసిన పెన్‌డ్రైవ్ పెట్టెలోనే పెట్టండి. పాస్‌వర్డ్ మాష్టారి దగ్గరుండనివ్వండి, కంప్యూటర్ బడిదే కదా. తనిఖీకి వచ్చిన అధికారి బోర్డులు లెక్కపెట్టడం మాని, ఒక పిల్లని పిలిచి దీపం వెలిగించమనాలి.

దుబాసీ అక్కర్లేని బోర్డులు వచ్చేశాయి కదా అంటారు తెలిసినవాళ్లు. నిజమే. మైక్రోబిట్ గుచ్చితే పెన్‌డ్రైవ్‌లా కనపడుతుంది, ప్రోగ్రాం ఫైలుని అందులో పడేస్తే చాలు. రాస్ప్‌బెర్రీ పై పికో కూడా బటన్ నొక్కి గుచ్చితే అంతే. నెట్ లేని ఊళ్లకి అవే కొనమని నేనూ అంటాను. వాటికీ తెల్ల తీగ, ఆకుపచ్చ తీగ ఉన్న కేబులే కావాలి మరి.

చివరి రోజు ఆ పిల్ల సంత వైర్లన్నీ ఒక్కొక్కటే గుచ్చి చూసి, పోర్టు రాని వాటికి నల్ల టేపు చుట్టింది. చెప్పింది నేను కాదు. లెక్కల మాష్టారు మాత్రం స్టాకు రిజిస్టర్ ముందేసుకుని తల పట్టుకున్నారు. “రావ్ సాబ్, ఏడూ ఖరాబ్ అని హెడ్మాస్టర్ సంతకం కూడా అయిపోయింది. బాగయ్యాయని రాయడానికి ఇందులో గడి లేదే?”