బండి లాగడం లేదా? ఇంజిన్ దింపించే ముందు ఇది చదవండి



పోయిన నెల టైర్ల గాలి గురించి రాశాక మన గ్రూపులో ఒక చెల్లి వాయిస్ మెసేజ్ పెట్టింది. “అక్కా, మాది పాత బండి. ఈమధ్య అస్సలు పికప్ లేదు. మెకానిక్కేమో ఇంజిన్ దింపాలంటున్నాడు. ఏం చెయ్యమంటావ్?” అది వినగానే రెండేళ్ళ కిందట నా తిప్పలు గుర్తొచ్చాయి. ఈ నెల అవే చెప్తాను.

మాది 2008 మోడల్ కారు. కువైట్‌లో మంగఫ్ నుంచి ఆసుపత్రికి దాంట్లోనే నైట్ డ్యూటీకి వెళ్తుంటాను. ఆ వేసవిలో దుమ్ము గాలులు వరసగా వచ్చాయి. ఒక సాయంత్రం ఫ్లైఓవర్ ఎక్కుతుంటే యాక్సిలరేటర్ ఎంత తొక్కినా బండి ముందుకు పోదు. వెనక లారీవాడు ఒకటే హారన్. ఏసీ ఆపేస్తే కాస్త కదిలింది. సిగ్నల్ దగ్గర ఆగితే సీటుతో సహా వణుకుతోంది. ఎదురుగా పసుపు రంగు ఇంజిన్ లైటు వెలుగుతోంది. నిజం చెప్పాలంటే అది నెల రోజులుగా వెలుగుతూనే ఉంది. నేనే పట్టించుకోలేదు.

మర్నాడు ఒక గ్యారేజీకి తీసుకెళ్ళాను. అతను బానెట్ ఎత్తి ఐదు నిమిషాలు చూశాడు. “ఇంజిన్ అయిపోయింది మేడమ్. దింపాలి. 280 దినార్లు అవుద్ది” అన్నాడు. అబ్బాయి కాలేజీ ఫీజుకని దాచినవి 300. మా ఆయన ఫోన్లో “పోనీ, అమ్మేద్దాం” అన్నారు. అమ్మేస్తే రాత్రి పూట డ్యూటీకి ఎలా వెళ్ళాలి?

ఆ రాత్రి వార్డులో ఆయాసంతో ఒక పెద్దాయన వచ్చారు. నాడి చూశాం, ఆక్సిజన్ చూశాం, ఈసీజీ తీశాం. అప్పుడనిపించింది, ఈయన్ని చూడగానే ఆపరేషన్ అనలేదు కదా, మరి నా బండికి ఒక్క పరీక్ష కూడా చెయ్యకుండా ఆపరేషన్ ఎలా రాశాడని.

మా కొలీగ్ చెప్తే షువైఖ్‌లో ఇంకో మెకానిక్ దగ్గరికి వెళ్ళాను. పెద్దాయన, మలయాళీ. “సిస్టర్, ఇంజిన్‌కి నాలుగే కావాలి. గాలి, పెట్రోలు, నిప్పురవ్వ, పొగ బయటికి పోయే దారి. ఈ నాలుగూ చూశాకే ఇంజిన్ మాట” అన్నారు. పక్కనే నిలబెట్టి చూపించారు కూడా.

మొదట గాలి. ఎయిర్ ఫిల్టర్ తీసి వెలుతురుకి పట్టారు. అవతల వెలుగే కనపడలేదు, అంత దుమ్ము. కొత్తది 4 దినార్లు. అది వేస్తే కొంచెం నయమైంది గానీ వణుకు పోలేదు. ఒక తప్పు దొరికిందని అక్కడే ఆగిపోకూడదని నాకు అప్పుడే తెలిసింది.

తర్వాత స్టీరింగ్ కింద, మోకాలి దగ్గరుండే సాకెట్‌కి స్కానర్ పెట్టారు. పి0302 అని కోడ్ వచ్చింది. అంటే రెండో సిలిండర్ మిస్సింగ్ కొడుతోందన్నమాట. నాలుగు సిలిండర్లలో ఒకటి పని మానేస్తే మిగతా మూడూ ఈడ్చుకుపోతున్నాయి. ఫ్లైఓవర్ ఎక్కకపోవడంలో వింతేముంది?

అయితే కోడ్ ఎక్కడ నొప్పో చెప్తుంది, ఎందుకో చెప్పదు. అందుకని ఆయన ఇంజిన్ ఆపి, రెండో సిలిండర్ మీది కాయిల్ తీసి మూడోదానికి, మూడోదాన్ని తెచ్చి రెండోదానికి పెట్టారు. కోడ్ చెరిపేసి కాసేపు నడిపారు. ఈసారి పి0303 వచ్చింది. కాయిల్‌తో పాటే జబ్బూ వెళ్ళింది, అంటే కాయిలే పోయింది. ఈ పరీక్షకి పైసా ఖర్చు లేదు.

కొత్త కాయిల్, నాలుగు ప్లగ్గులు, ఫిల్టర్, కూలీ అన్నీ కలిపి 31 దినార్లు. ఆ సాయంత్రం ఏసీ వేసుకునే ఫ్లైఓవర్ ఎక్కాను.

చెల్లీ, నీ బండి జబ్బు కూడా ఇదే అని నేననను. ఈ గుర్తులు మాత్రం చూసుకో:

• మెల్లగా బాగానే వెళ్ళి, ఎత్తు ఎక్కేటప్పుడో స్పీడు పెంచినప్పుడో చచ్చుబడితే పెట్రోల్ ఫిల్టర్, పంపు చూపించు.

• ఇంజిన్ వేగం ఎక్కక, కారు అడుగున విపరీతంగా వేడెక్కుతుంటే సైలెన్సర్ దారిలోని కాటలిటిక్ కన్వర్టర్ మూసుకుపోయి ఉండొచ్చు.

• ఇంజిన్ రొద పెరిగి బండి స్పీడు పెరగకపోతే అది గేర్ల వైపు సమస్య.

• ఆగాక ఒక చక్రం దగ్గర మాత్రమే సెగ కొడుతుంటే బ్రేకు పట్టేసి ఉండొచ్చు. చేత్తో ముట్టుకోవద్దు, కాలుతుంది.

• నీలం పొగ వస్తూ ఆయిల్ తరచూ తగ్గుతుంటే అప్పుడు ఇంజిన్ లోపలే అనుమానం. అప్పుడైనా “ముందు కంప్రెషన్ టెస్ట్ చేసి, ప్రతి సిలిండర్ లెక్కా రాసివ్వండి” అని అడుగు. అది చెయ్యకుండా ఇంజిన్ దింపనివ్వద్దు.

ఒక్క సంగతి మాత్రం అందరూ గుర్తుపెట్టుకోండి. ఇంజిన్ లైటు నిలకడగా వెలిగితే వీలైనంత త్వరగా చూపించాలి. అదే లైటు మిణుకుమిణుకుమంటే యాక్సిలరేటర్ వదిలేసి, మెల్లగా పక్కకి తీసి ఆపెయ్యండి. కాలని పెట్రోలు సైలెన్సర్‌లోకి పోయి కన్వర్టర్‌ని పాడుచేస్తుంది. చిన్న కాయిల్‌తో పోయేది పెద్ద ఖర్చుకి వస్తుంది. నెల రోజులు లైటు చూసీ చూడనట్టు తిరిగిన నేను ఆ ఖర్చు తప్పించుకోవడం అదృష్టమే.

మనం ఆడవాళ్ళమని, మనకి బండి గురించి తెలియదని కొందరు నోటికొచ్చిన లెక్క చెప్తారు. వాదన పెట్టుకోనక్కర్లేదు. “ఏం పరీక్ష చేశారు? ఏం కోడ్ వచ్చింది? పాత సామాను నాకిచ్చెయ్యండి” అని ఈ మూడూ అడగండి చాలు, లెక్క దానంతటదే తగ్గుతుంది.

చెల్లీ, స్కాన్ చేయించి కోడ్ గ్రూపులో పెట్టు. అందరం కలిసి చూద్దాం. వచ్చే నెల ఎండల్లో బ్యాటరీ సంగతి మాట్లాడుకుందాం. అందాకా జాగ్రత్తగా నడపండి.

ఉంటాను,
మీ అక్క