ముందేది? వెనకేది?

ఆదివారం వస్తే ఆబిడ్స్ ఫుట్‌పాత్‌ల నిండా పాత పుస్తకాలే. నాకు మాత్రం పుస్తకాలకన్నా కొనేవాళ్లను చూడటం సరదా. ఓ కుర్రాడు ఒక చేత్తో పోటీపరీక్షల గైడు, రెండో చేత్తో నవలా పట్టుకుని నిలబడతాడు. జేబులో డబ్బు ఒక్కదానికే! "రెండూ ముఖ్యమే గురూ" అంటే పుస్తకాలాయన ఊరుకుంటాడా? ఏదో ఒకటి కింద పెట్టక తప్పదు. అలా కింద పెట్టినప్పుడే మనకేది ముఖ్యమో బయటపడుతుందంటాను నేను.

ఒకప్పుడు ఇదే ఆబిడ్స్‌లో జనం క్యూలు కట్టిన రామకృష్ణ థియేటర్ ఎన్.టి.రామారావు గారిది. ఆయన సంగతే చూడండి. 1947లో సబ్ రిజిస్ట్రార్ ఉద్యోగం వచ్చింది. ఆ రోజుల్లో అదంటే మాటలా! మూడు వారాలకే దానికో దణ్ణం పెట్టేశారు. తీరా 1949లో 'మన దేశం'తో తెరమీదికొస్తే దక్కింది పోలీసు ఇన్‌స్పెక్టరు వేషం. అదీ చిన్నదే! 'పాతాళ భైరవి' రావడానికి 1951 దాకా ఆగాల్సొచ్చింది.

అలాగని ఉద్యోగాలు మానేసి స్టూడియోల చుట్టూ తిరగమనడం లేదు, బాబూ! నాంపల్లి స్టేషన్లో పెట్టె పట్టుకుని దిగినవాళ్లంతా రామారావులు కారు. నే చెప్పేదల్లా ఒక్కటే. చిన్న వేషమే దక్కినా ఫర్వాలేదు, ఈ పనే కావాలి అనిపిస్తే అది మీకు మొదటిది. పేరూ డబ్బూ వస్తేనే కావాలనిపించేది రెండోది. ఈ తేడా తెలిస్తే సగం చిక్కు విడిపోయినట్టే. ఉద్యోగం మానాలా, ఉంచుకోవాలా అన్నది ఆ తర్వాతి మాట.

మరి మీకు మొదటిదేది? తీరిగ్గా ఆలోచించండి. మాట్నీకి టైమైతే మాత్రం చూసొచ్చాకే సుమండీ!